యాకోబు నడకన మెదక్ దాకా

మన పల్లెల్లో కోడలు నెల తప్పిందని తెలిసిన రోజున ఇంట్లో వినిపించే మొదటి మాట స్తోత్రం. రెండో మాట ‘వద్దు’. బొప్పాయి తినవద్దు, గడప మీద కూర్చోవద్దు, చీకటి పడ్డాక బయటికి రావద్దు, గ్రహణం చూడవద్దు, ఊరు దాటవద్దు. వీటిలో కొన్ని అనుభవం మీద వచ్చినవి, కొన్ని భయం మీద వచ్చినవి. ప్రభువును ఎరిగిన కుటుంబాల్లో గ్రహణం మాట తగ్గింది గాని, ‘ఊరు దాటవద్దు’ అన్న మాట ఇంకా గట్టిగానే ఉంది. అందులో అనుభవం ఎంత, భయం ఎంత అని మనమందరం కలిసి ఆలోచించుకోవడానికి ఒక చిన్న ప్రయాణం సంగతి ఈ నెల మీకు చెబుతాను. ఆ కుటుంబంవారి సమ్మతితోనే చెబుతున్నాను. పేర్లు మాత్రం రాయడం లేదు.

ప్రగతి నగర్‌లో మన పిల్లలు

కిందటి నవంబరులో నేనూ మా ఇంటివారూ పని మీద హైదరాబాదు వెళ్లి, ప్రగతి నగర్‌లో మా సంఘ కుటుంబం ఇంట మూడు రోజులు ఉన్నాం. చూడనివారి కోసం చెబుతాను. కూకట్‌పల్లిలో జె.ఎన్.టి.యు. దగ్గర పెద్ద రోడ్డు వదిలి లోపలికి వెళితే ప్రగతి నగర్ వస్తుంది. మొన్నమొన్నటి దాకా అది గ్రామ పంచాయతీయే. 2019లో నిజాంపేట, బాచుపల్లితో కలిపి నిజాంపేట నగరపాలక సంస్థ అని ఏర్పాటు చేశారు. ఊరి పక్కన అంబీర్ చెరువు ఉంది. దాని చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయి. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత కంప్యూటరు ఉద్యోగాలకు వచ్చిన పిల్లలు ఎక్కడ అద్దె కాస్త తక్కువో అక్కడ చేరారు. అలా నిండిన ఊళ్లలో ఇదొకటి. ఆదివారం ఆరాధన ముగిశాక ఏ అపార్ట్‌మెంటు మెట్ల దగ్గర నిలబడినా కృష్ణా, గుంటూరు, ఖమ్మం యాసలు మూడూ వినిపిస్తాయి. మన పల్లెల సండేస్కూలు పిల్లలే వాళ్లు.

మేము దిగిన ఇంటి అబ్బాయి మాదాపూర్‌లో, అతని భార్య గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తున్నారు. అతను పగలు వెళితే ఆమెకు అమెరికా వాళ్ల వేళల ప్రకారం సాయంత్రం పని మొదలవుతుంది. ఒకే ఇంట్లో ఉండి కూడా కలిసి అన్నం తినేది శని, ఆదివారాల్లోనే. ఆ అమ్మాయికి అప్పుడు ఆరో నెల నడుస్తోంది. తొలి కాన్పుకు సాయంగా ఉందామని అత్తగారు పల్లె నుండి వచ్చి నెలరోజులయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర అబ్బాయి మాట కదిపాడు. “అయ్యగారూ, బిడ్డ పుట్టాక మేమిద్దరం ఎక్కడికీ కదలలేం. ఈలోగా ఒక్కసారి అరకు వెళ్లి రావాలని ఉంది. అమ్మ ఒప్పుకోవడం లేదు. మీరైనా చెప్పండి.”

అత్తగారు వడ్డిస్తున్న గరిటె ఆపింది. “నేను చదువుకున్నదాన్ని కాదు గాని, బైబిలు వింటానుగా అయ్యగారూ. రాహేలమ్మ దారిలోనే కదా కని కన్నుమూసింది? పోయినేడు ఈ పిల్ల పెళ్లికని బస్సులో మా ఊరు వచ్చింది. తిరిగి వెళ్లిన వారానికి మూడోనెల కడుపు పోయింది. ఇంకా ఎన్నిసార్లు చెప్పించుకోవాలి మేము?”

ఎవరూ మాట్లాడలేదు. ఆ అమ్మాయి కంచంలో చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్లిపోయింది. మా ఇంటివారు ఆమె వెనకే వెళ్లారు. బస్సు ఎక్కి తన బిడ్డను తానే పోగొట్టుకున్నానని ఆ పిల్ల ఏడాదిగా లోలోపల కుమిలిపోతోందని తరువాత నాకు చెప్పారు.

ఒకే దారి, ఇద్దరు తల్లులు

ఆ పెద్దావిడ చెప్పిన రాహేలు సంగతి అబద్ధం కాదు. ఆదికాండము 35వ అధ్యాయంలో ఉన్నదే. బేతేలు నుండి ఎఫ్రాతాకు వెళ్లే దారిలో రాహేలుకు ప్రసవం కష్టమై, బెన్యామీనును కని ఆమె చనిపోయింది. ఆ ఎఫ్రాతాయే బేత్లెహేము. ఎన్నో తరాల తరువాత అదే బేత్లెహేముకు మరొక నిండు చూలాలు చేరింది. నజరేతు నుండి నూరు కిలోమీటర్లకు మించిన దూరం. మన క్రిస్మస్ బొమ్మల్లో మరియ గాడిద మీద కూర్చుని ఉంటుంది గాని, లూకా సువార్తలో గాడిద మాటే లేదు. ఆ తల్లి అంత దూరం ఎలా వెళ్లిందో మనకు తెలియదు. దారి చివర ఒక తల్లికి సమాధి, మరొక తల్లికి పశువుల తొట్టి. కాబట్టి రాహేలును చూపించి ప్రయాణం పాపమని చెప్పలేం. మరియను చూపించి ఎప్పుడైనా ఎంత దూరమైనా వెళ్లవచ్చనీ చెప్పలేం. ఇద్దరూ వెళ్లింది నెలలు నిండిన స్థితిలోనే. ఒకరికి కాలిబాట, మరొకరికి రాజాజ్ఞ. ఇష్టపడి, సమయం చూసుకుని ఎంచుకున్న ప్రయాణాలు కావు అవి.

నాకు తోచింది ఆ రాత్రి వాళ్లతో చెప్పాను. యాకోబు అంతకుముందే, 33వ అధ్యాయంలో, ఒక మంచి మాట అంటాడు. ఏశావు కలిసి వేగంగా వెళదాం రమ్మంటే యాకోబు ఒప్పుకోడు. పిల్లలు లేతవాళ్లు, మందలో పాలిచ్చేవి ఉన్నాయి, ఒక్క రోజు తరిమి తోలితే మంద చచ్చిపోతుంది, నేను వాటి నడకను బట్టీ, పిల్లల నడకను బట్టీ మెల్లగా వస్తానంటాడు. ప్రయాణం మానడు. నడక మార్చుకుంటాడు. అరకు వద్దు, ఇల్లూ వద్దు. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చే చోటు చూద్దాం. ముందు డాక్టరమ్మను అడుగుదాం. ఆవిడ కాదంటే నేనూ కాదంటాను.

డాక్టరమ్మ చెప్పిన మాట

మర్నాడు వాళ్లు మామూలుగా చూపించుకునే డాక్టరమ్మ దగ్గరికి అత్తాకోడళ్లిద్దరినీ పంపాం. అత్తగారిని పంపడమే ముఖ్యం. మూడో నెలలోపు పోయే గర్భాల్లో ఇంచుమించు సగం వాటికి కారణం బిడ్డ ఏర్పడేటప్పుడే జన్యువుల అమరికలో వచ్చిన లోపమనీ, బస్సు కుదుపుకు నిలకడైన గర్భం జారిపోదనీ డాక్టరమ్మ ఆ పెద్దావిడకే వివరంగా చెప్పిందట. రక్తపోటు, స్కానింగు చూసి, మాయ కిందికి లేదనీ, నాలుగో నెల నుండి ఆరో నెల నిండేదాకా ప్రయాణానికి అనువైన కాలమనీ చెప్పి, వెళ్లి రమ్మంది. గంటన్నర, రెండు గంటలకొకసారి దిగి కొంచెం నడవాలని చెప్పింది. గర్భిణులకు ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం మామూలువాళ్ల కంటే ఎక్కువ. సీటు బెల్టు మానవద్దని కూడా చెప్పింది. కింది పట్టీ పొట్ట మీద గాక పొట్ట కింద తుంటి ఎముకల మీదుగా, పై పట్టీ రొమ్ముల మధ్యగా పోవాలి. బెల్టు బిడ్డకు నొక్కుకుంటుందని చాలామంది తీసేస్తారు. ప్రమాదంలో బిడ్డను కాపాడేది తల్లి సీటులో నిలబడటమే.

అత్తగారు తిరిగి వచ్చి ఒక్క మాట అంది. “వెళితే నేనూ వస్తాను.”

మెతుకు సీమ దారి

శనివారం పొద్దున ఏడింటికి ప్రార్థన చేసుకుని బయలుదేరాం. మేము ఐదుగురం, ఒక కారు. పులిహోర, మజ్జిగ, మంచినీళ్లు, అమ్మాయి ఆసుపత్రి కాగితాల ఫైలు. మెదక్ అక్కడికి ఇంచుమించు ఎనభై కిలోమీటర్లు. బాచుపల్లి మీదుగా గండిమైసమ్మ చౌరస్తా చేరి, నర్సాపూర్ రోడ్డు పట్టుకున్నాం. దుండిగల్ దగ్గర 1971 నుండి వైమానిక దళం అకాడమీ ఉంది. యుద్ధ విమానాలు నడిపే యువకులు, ఇప్పుడు యువతులు కూడా, అక్కడే తర్ఫీదు అవుతారు. ఔటర్ రింగు రోడ్డు దాటాక అపార్ట్‌మెంట్లు పలచబడి, గుమ్మడిదల వైపు పొలాలు మొదలయ్యాయి. వరికోతల రోజులు. రోడ్డు పక్కన వడ్లు ఎండబోశారు. నెల రోజులుగా మూడో అంతస్తులో కూర్చున్న అత్తగారు కిటికీ అద్దం దించి, “వాసన చూడు” అంది కోడలితో. నాకు గుర్తున్నంతలో ఆ మూడు రోజుల్లో ఆమె కోడలితో తనంతట తాను మాట్లాడిన మొదటి మాట అది.

అబ్బాయి ఖాళీ రోడ్డు చూసి వేగం పెంచబోతే వెనకనుంచి మా ఇంటివారు “యాకోబూ” అని పిలిచారు. అందరూ నవ్వారు. ఆ తరువాత దారి పొడుగునా అతని పేరు యాకోబే.

నర్సాపూర్ దగ్గర అడవి వస్తుంది. హైదరాబాదుకు ఇంత దగ్గరలో ఇంత చెట్టు ఉండటం విశేషమే. రోడ్డుకు రెండు పక్కలా కోతులు గుంపులుగా కూర్చుంటాయి. అక్కడ తినుబండారాలు చేత పట్టుకుని దిగకూడదు, కోతులకు వేయనూ కూడదు. కొంచెం ముందుకు వెళ్లి నీడలో ఆగి పది నిమిషాలు నడిచాం. అమ్మాయి చెయ్యి అబ్బాయి పట్టుకుని నడుస్తుంటే పెద్దవాళ్లం వెనకబడ్డాం. వాళ్లిద్దరికీ కావలసింది అరకు కాదు, ఆ పది నిమిషాలేనేమో అనిపించింది.

అక్కడి నుండి కౌడిపల్లి, కొల్చారం. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానాలు రాసిన మల్లినాథసూరిది ఈ కొల్చారమే అంటారు. ఆయన ఇంటిపేరు కోలాచలం. హైదరాబాదు దశాబ్దాలుగా తాగిన మంజీరా నది ఈ జిల్లాలోనే పారుతుంది. మెదక్ పాత పేరు మెతుకు సీమ. మెతుకు అంటే అన్నం మెతుకే. ఆ పేరు గుర్తు పెట్టుకోండి, దానితో పని ఉంది.

కరువులో లేచిన మందిరం

ఊరికి దూరం నుండే 175 అడుగుల గోపురం కనిపిస్తుంది. మెదక్ కెథడ్రల్‌ను మీలో చాలామంది చూసే ఉంటారు. చూడనివారికి నాలుగు మాటలు. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారి చేతి మీద 1914 ప్రాంతంలో పని మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. 2024 క్రిస్మస్ నాటికి నూరేళ్లు నిండాయి. పొడవు రెండు వందల అడుగులు, వెడల్పు నూరు అడుగులు. ఐదు వేల మంది కూర్చుని ఆరాధించవచ్చునంటారు. దక్షిణ ఇండియా సంఘం 1947లో ఏర్పడ్డాక మెదక్ డయాసిస్‌కు ఇది ప్రధాన దేవాలయం అయింది.

కట్టిన కాలం చూడండి. మొదటి ప్రపంచ యుద్ధం రోజులు. అన్నం పేరు పెట్టుకున్న మెతుకు సీమలోనే మెతుకు దొరకని కరువు. ఊరికే గంజి పోస్తే మనిషి తల దించుకుని తాగాలి. పని ఇచ్చి అన్నం పెడితే తల ఎత్తుకుని తింటాడు. అందుకే దొరగారు రాయి మోసినవారికి, సున్నం కలిపినవారికి కూలీగా తిండి పెట్టి ఈ మందిరం లేపించారని పెద్దలు చెబుతారు. ఆ రాళ్లు మోసిన తల్లుల్లో చూలాళ్లూ ఉండే ఉంటారు. వాళ్లను ‘వద్దు’ అన్నవారెవరు? ఆకలికి వద్దు అనే మాట ఉండదు కదా. మా పెద్దావిడ ఆ గచ్చు మీద నిలబడి, “నేను తొమ్మిదో నెల దాకా నాట్లు వేశాను అయ్యగారూ” అంది తనలో తాను అనుకుంటున్నట్టు.

లోపల మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలున్నాయి. చిత్రించింది ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. బలిపీఠం వెనక ప్రభువు ఆరోహణం, కుడివైపు ఆయన జననం, ఎడమవైపు సిలువ. ఇవి బయటి సూర్యకాంతికే వెలుగుతాయి. పొద్దు గూకితే లోపలి నుంచి కనిపించవు. కాబట్టి వెళ్లేవారు పగలే వెళ్లాలి. ఇంకొక సంగతి గమనించాను. ఆరోహణం కిటికీ 1927లో వచ్చింది, జననం 1947లో, సిలువ 1958లో. అంటే క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించిన మందిరంలో ఇరవై ఏళ్లకు పైగా జనన చిత్రం లేదు. ఆ చోట మామూలు వెలుతురే ఉంది. అక్కడి విశ్వాసులు ఆ ఖాళీ కిందనే ఏటేటా క్రిస్మస్ పాటలు పాడుకుంటూ ఎదురుచూశారు.

ఈ మాట ఆ అమ్మాయికి చెప్పాను. ఆమె జనన కిటికీ ఎదుట బల్ల మీద కూర్చుని చాలాసేపు చూసింది. పదకొండు దాటింది, ఎండ బాగా వచ్చి అద్దాల్లోని నీలం, ఎరుపు మెరుస్తున్నాయి. అత్తగారు వెళ్లి పక్కన కూర్చుంది. నేను రెండు బల్లలు వెనక ఉన్నాను. వినాలని వినలేదు గాని, మందిరంలో మాట మెల్లగా అన్నా వినిపిస్తుంది.

“నాకూ మొదటిది పోయిందమ్మా. మీ మామయ్యకు కూడా సరిగ్గా తెలియదు. మా చెల్లెలి పెళ్లికి ఎడ్లబండిలో వెళ్లాను. బండెక్కి చంపుకున్నావని మా అత్త అంది. ముప్పై ఏళ్లు నేనే చంపుకున్నాననుకున్నాను. మొన్న డాక్టరమ్మ చెబుతుంటే నీ సంగతి కాదు, నా సంగతి వింటున్నట్టుంది.”

కోడలు ఏమీ అనలేదు. అత్తగారి చెయ్యి తీసి తన పొట్ట మీద పెట్టుకుంది. లోపల బిడ్డ కదిలినట్టుంది, పెద్దావిడ ముఖం మారిపోయింది. నేను లేచి బయటికి వచ్చేశాను. అబ్బాయి మెట్ల మీద ఉన్నాడు. లోపలికి ఇప్పుడే వెళ్లవద్దన్నాను.

కోట కింద

భోజనం చెట్ల నీడలో చేశాం. ఊరి పక్కన గుట్ట మీద కాకతీయుల నాటి మెదక్ కోట ఉంది. మెట్లు, ఎక్కుడు ఎక్కువ. యాకోబు ఒక్కడే కొంతదూరం ఎక్కి ఫొటోలు తీసుకొచ్చి చూపించాడు. మిగిలినవాళ్లం కిందనే కూర్చున్నాం. చూడవలసినవన్నీ ఒక్క రోజున చూడనవసరం లేదు. మెదక్‌కు ఇంకొంచెం దూరంలో పోచారం జలాశయం, అభయారణ్యం ఉన్నాయి. మంజీరా పాయలుగా చీలే చోటు ఒకటి ఉంది. ఓపిక ఉన్నవారు మరోసారి వెళ్లవచ్చు. మేము రెండున్నరకే తిరుగు ముఖం పట్టాం. నర్సాపూర్ అడవి దాటాక మళ్లీ ఆగి, గంపలో అమ్ముతున్న సీతాఫలాలు కొన్నాం. చీకటి పడకముందే ప్రగతి నగర్ చేరాం. వచ్చేటప్పుడు వెనక సీట్లో అత్తగారి భుజం మీద తల పెట్టుకుని ఆ అమ్మాయి దారంతా నిద్రపోయింది.

మార్చి నెలలో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. ఇది మెదక్ వెళ్లి వచ్చినందువల్ల కలిగిన మేలని నేను అనను. వెళ్లకపోయినా దేవుడు ఆ బిడ్డను ఇచ్చేవాడే. ఒకవేళ ఇవ్వకపోయినా ఆ నేరం ఆ తల్లి మీద వేసే హక్కు మనకు లేదు. గర్భఫలం ఆయన ఇచ్చే బహుమానమని కీర్తనలో చదువుతాం. బిడ్డ దక్కినప్పుడు బహుమానం ఆయనదని పాడి, దక్కనప్పుడు నేరం కోడలిదని అనడం న్యాయమా?

చదివేవారితో రెండు మాటలు

మీ ఇంట్లో చూలాలు ఉండి, ఏదైనా ప్రయాణం తలపెడితే ముందు డాక్టరును అడగండి. కవలలున్నా, రక్తపోటు ఉన్నా, మధ్యలో రక్తం కనబడినా, మాయ కిందికి ఉన్నా వద్దంటే వద్దనే వినండి. వెళ్లవచ్చునంటే నడిమి మూడు నెలలు ఎంచుకోండి. కాగితాలు వెంట ఉంచుకోండి. నీళ్లు బాగా తాగించండి. రాత్రి ప్రయాణం మానండి. దారిలో రక్తం కనిపించినా, ఉమ్మనీరు కారినా, కడుపునొప్పి వచ్చినా, తలనొప్పితో చూపు మసకబారినా, బిడ్డ కదలిక తగ్గినా ఇంటికి చేరేదాకా ఆగవద్దు. దగ్గరి ఆసుపత్రికే వెళ్లండి. 2005 ఆగస్టులో మొదలైన 108 బండి నంబరు పల్లెలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. దాన్ని వాడుకోండి.

భర్తలతో ఒక మాట. బిడ్డ పుట్టకముందు భార్యకు ఒక్క రోజైనా పూర్తిగా ఇవ్వండి. దానికి కారు ఉండనక్కరలేదు. మీ ఊరి చెరువు గట్టు మీద సాయంత్రం ఆమెతో కలిసి నడిచినా చాలు. ఆమె నడకకు మీ నడక తగ్గించుకోండి.

అత్తలతో, అమ్మలతో ఒక మాట. మరియ గర్భవతి అయ్యాక కొండసీమకు ప్రయాణమై ఎలీసబెతు ఇంటికి వెళ్లింది. ఆ పెద్ద వయసు ఇల్లాలు గుమ్మంలో నిలబెట్టి ‘ఈ స్థితిలో ఎందుకు వచ్చావు’ అని అడగలేదు. ఆశీర్వదించి లోపలికి తీసుకుంది, మూడు నెలలు తన దగ్గర ఉంచుకుంది. మీ మనసులో కూడా పాత గాయం ఏదైనా ఉంటే, దాన్ని మాట చేసి కోడలి మీద వేయకండి. ఆమె పక్కన కూర్చుని చెప్పుకోండి. ఇద్దరి బరువూ తగ్గుతుంది. మన ఇళ్లలో పుట్టబోయే ప్రతి బిడ్డకూ నింద లేని ఒడి దొరకాలని ప్రభువును వేడుకుందాం. ఆమేన్.